టర్బో ఇంజన్‌లో వేడి లెక్క

(ఆటోమొబైల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిలిచిన అధ్యాపకులకు, మధ్యాహ్నం భోజనం చేసి కూడా నిద్రపోకుండా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు.

ఇందాక గేటు దగ్గర కారు దిగుతుంటే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి అడిగారు. "సార్, మా అన్నయ్యది టర్బో పెట్రోల్ కారు. రీమ్యాప్ చేయిస్తే ఎంత పవర్ పెరుగుతుంది?" రీమ్యాప్ అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) లోని లెక్కల ఫైలు మార్చడం. నా పనే అది కాబట్టి వారంలో పది ఫోన్లు వస్తే ఎనిమిదింటిలో ఇదే ప్రశ్న. ఎంత పెరుగుతుందో చెప్పడం పెద్ద కష్టం కాదు. పెరిగినదాన్ని ఏ భాగం మోస్తుంది, పుట్టిన వేడి ఎటు పోతుంది అని అడిగేవాళ్ళే తక్కువ. ఇవాళ నేను మాట్లాడేదంతా దాని గురించే.

సైకిల్ పంపుతో ట్యూబులో గాలి కొట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చాలామందే ఉన్నారు, మంచిది. గాలి నిండాక పంపు అడుగున చెయ్యి పెడితే చుర్రుమంటుంది కదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బో చేసేది కూడా ఆ పంపు పనే. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఇంకో చివర ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. చిన్న కార్ల టర్బోల్లో ఆ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్లు కూడా దాటుతుంది. ఎక్కువ గాలి లోపలికి వెళితే ఎక్కువ పెట్రోలు కలపొచ్చు, ఎక్కువ పెట్రోలు కాలితే ఎక్కువ బలం వస్తుంది. సూత్రం ఇంతే. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

ఇప్పుడు లెక్క వేద్దాం, పెన్నులు తీయండి. మే నెల మధ్యాహ్నం, బయట గాలి 40 డిగ్రీలు. టర్బో దాన్ని రెండింతల పీడనానికి నొక్కుతోంది. దాని సామర్థ్యం 70 శాతం అనుకుందాం. మీ థర్మోడైనమిక్స్ సూత్రంలో పెట్టి చూడండి, టర్బో నుంచి బయటికొచ్చే గాలి 138 డిగ్రీలు ఉంటుంది. నీళ్ళు మరిగే వేడి కన్నా ఎక్కువ. దాన్ని ఇంటర్ కూలర్ చల్లబరచాలి. అది తన పని 70 శాతం చేసిందనుకుంటే ఇంజన్‌లోకి వెళ్ళే గాలి 69 డిగ్రీలు. ఇదే కారు, ఇదే బూస్ట్ (టర్బో అదనంగా పెంచే గాలి పీడనం), డిసెంబరు పొద్దున 18 డిగ్రీలున్నప్పుడు అయితే ఇంజన్‌కి అందేది 45 డిగ్రీల గాలి. ఒకే కారులో చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య 24 డిగ్రీల తేడా. ఈ 24 డిగ్రీలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికి వస్తాను.

ఇంకో సంగతి. మనం హైదరాబాద్‌లో సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్నాం. ఇక్కడ గాలి పీడనం సుమారు 0.95 బార్. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద 1.01. ఇంజన్ లోపల ఒకే పీడనం కావాలంటే టర్బో ఇక్కడ ఎక్కువ కష్టపడి, ఎక్కువ వేగంగా తిరగాలి. అంటే గాలిని ఎక్కువ వేడి చేయాలి. చల్లటి దేశంలో, సముద్రం పక్కన కూర్చుని ఎవరో తయారుచేసిన ఫైలు ఇక్కడ అలాగే ఎక్కించకూడదని నేను చెప్పడానికి ఇది ఒక కారణం.

వేడి గాలితో వచ్చే నష్టం రెండు రకాలు. మొదటిది, వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. అది చిన్న నష్టమే. పెద్దది నాకింగ్. స్పార్క్ పడ్డాక మంట ప్లగ్ దగ్గర మొదలై గోడల వైపు పాకుతూ వెళ్తుంది. అది చేరేలోపు మూలల్లో మిగిలిన మిశ్రమం పీడనానికి, వేడికి తట్టుకోలేక తనంతట తానే అంటుకుంటే, అది మంట కాదు, దెబ్బ. ఆ దెబ్బకి సిలిండర్ లోపల పీడనం గంటలా మోగుతుంది. 82.5 మిల్లీమీటర్ల బోర్ (సిలిండర్ వెడల్పు) ఉన్న ఇంజన్‌లో ఆ మోత దాదాపు 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బ్లాకుకి బిగించిన నాక్ సెన్సర్ వినేది ఆ మోతనే. పిస్టన్ పైభాగం మీద గాలి పలచటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది, అది పిస్టన్‌కి దుప్పటి లాంటిది. నాకింగ్ దాన్ని చింపేస్తుంది. ఆ తర్వాత అల్యూమినియం నేరుగా మంటకి ఎదురవుతుంది.

దీని చరిత్ర చాలా ఆసక్తిగా ఉంటుంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. నాకింగ్ రాకుండా నీళ్ళు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి చిమ్మే ఏర్పాటు చేశారు. దానికి వేరే ట్యాంకు. ఆ ట్యాంకు నింపడం కొన్నవాళ్ళకి గుర్తుండేది కాదు. రెండేళ్ళలో ఆ కారు ఆగిపోయింది. తర్వాత స్వీడన్‌లో సాబ్ కంపెనీ, పెర్ యిల్‌బ్రాండ్ నాయకత్వంలో, 1970ల చివర్లో రోజువారీ వాడకానికి పనికొచ్చే టర్బో కారు తెచ్చింది. 1980ల మొదట్లో దానికి నాక్ సెన్సర్ పెట్టి, మోత వినబడగానే బూస్ట్ దానంతట అదే తగ్గే పద్ధతి జోడించింది. ఏ బంకులో ఎలాంటి పెట్రోలు పోసినా ఇంజన్ తనని తాను సర్దుకుంటుంది. నా దృష్టిలో రోడ్డు మీది టర్బో కార్ల చరిత్రలో అంతకన్నా గొప్ప మలుపు లేదు. ఎక్కువ బూస్ట్ కొట్టడం అంతకుముందే తెలుసు. ఎప్పుడు తగ్గాలో ఇంజన్‌కి నేర్పింది మాత్రం వాళ్ళే.

ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కారు తీసుకుందాం. 2016లో మన దేశానికి వచ్చిన స్కోడా సూపర్బ్, 1.8 లీటర్ టీఎస్ఐ పెట్రోల్. మాన్యువల్ గేరుతోనూ దొరికేది, ఆటోమేటిక్‌తోనూ దొరికేది. రెండింటికీ పవర్ 180 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). కానీ టార్క్, అంటే ఇరుసుని తిప్పే బలం, చూడండి. మాన్యువల్‌లో 320 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 250. ఇంజన్ అదే, పవర్ అదే, టార్క్‌లో 70 తేడా ఎందుకు? ఎవరైనా చెప్తారా?

అవును, గేర్‌బాక్స్. బాగా చెప్పావమ్మా. డీఎస్‌జీ అనే ఆ 7 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో రెండు డ్రై క్లచ్‌లు (ఆయిల్‌లో మునగని క్లచ్‌లు) ఉంటాయి. దాని పరిమితి 250 న్యూటన్ మీటర్లు. ఇంజన్ అంతకన్నా ఇవ్వగలదు, గేర్‌బాక్స్ తీసుకోలేదు. అందుకే కంపెనీ ఈసీయూలో 250 దగ్గర గీత గీసింది. 1250 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి 5000 వరకు టార్క్ గ్రాఫు బల్లలా చదునుగా ఉంటుంది. 3000 దగ్గర లెక్క చూడండి. 250 న్యూటన్ మీటర్లకి 107 పీఎస్ వస్తుంది, 320కి 137. బ్రోచర్‌లో పవర్ ఒకటే, ఊరు దాటిన రోడ్డు మీద లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు 30 పీఎస్ తేడా. మనవాళ్ళు పికప్ అనేది ఈ మధ్యలో దొరికే బలాన్నే.

సరే, ఆటోమేటిక్ కారు నా దగ్గరికి వస్తే ఆ గీత చెరిపేయొచ్చు. ల్యాప్‌టాప్ పెట్టి అరగంటలో చెరిపేయొచ్చు. ఇంజన్ ఏమీ అనదు. క్లచ్ ప్లేట్లు మాత్రం అంటాయి, అయితే ఆ రోజు కాదు, కొన్ని నెలల తర్వాత సిగ్నల్ దగ్గర కారు వణకడం మొదలైనప్పుడు. అలాంటి కారుకి నేను కింది ఆర్‌పీఎంలో టార్క్ ముట్టుకోను. 5000 పైన గ్రాఫు పడిపోయే చోట కొంచెం ఎత్తిపెడతాను. క్లచ్ మీద భారం పెరగదు, పైన మాత్రం ఇంకాస్త ఊపిరి ఉంటుంది. కస్టమర్‌కి అది తక్కువ అనిపిస్తే, గేర్‌బాక్స్ ఖర్చు ఎంతో ముందే కాగితం మీద రాసి చూపిస్తాను.

ఈ కాలపు ఈసీయూల గురించి ఒక మాట చెప్పాలి. పాత కార్లలో బూస్ట్ కంట్రోల్ పైపు మార్చేస్తే బూస్ట్ పెరిగేది. ఇప్పుడు అలా కాదు. మీరు యాక్సిలరేటర్ నొక్కితే ఈసీయూ దాన్ని "ఇంత టార్క్ కావాలి" అనే కోరికగా చదువుకుంటుంది. ఆ టార్క్‌కి ఎంత గాలి, ఎంత బూస్ట్, ఎంత పెట్రోలు, స్పార్క్ ఎప్పుడు అని వెనక్కి లెక్కలు వేసుకుంటుంది. గేర్‌బాక్స్ కాపాడేందుకు ఒక హద్దు, ఎగ్జాస్ట్ వేడికి ఒక హద్దు, లోపలి గాలి వేడికి ఒక హద్దు. ఒక్క బూస్ట్ పట్టిక మార్చి మిగతావి వదిలేస్తే లెక్క తేడా వచ్చి థ్రాటిల్ దానంతట అదే మూసుకుంటుంది. అప్పుడు తెలివితక్కువగా ఆ హద్దులన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ పోతారు కొందరు. ఆ హద్దులు ఇంజన్ తయారుచేసినవాళ్ళు వేల గంటలు టెస్ట్ బెంచీ మీద నడిపి పెట్టినవి. ఏ హద్దు ఎందుకు ఉందో చెప్పలేకపోతే దాన్ని జరిపే హక్కు మనకి లేదు.

ఇక్కడ నా అనుభవం చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నేను ఈ పనిలో కొత్తగా ఉన్న రోజులు. ఒక చిన్న టర్బో పెట్రోల్ కారు వచ్చింది. కంపెనీ పేరు అనవసరం, తప్పు కారుది కాదు. విదేశంలో ఒకరి దగ్గర రెడీమేడ్ ఫైలు కొన్నాను. డిసెంబరు నెల, పొద్దున్నే డైనో (కారుని ఒకేచోట నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టాం. గ్రాఫు అందంగా వచ్చింది. కస్టమర్ సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆ ఫైలు 98 ఆక్టేన్ (నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) పెట్రోలు కోసం రాసినదని నాకు తెలుసు. ఖరీదైన పెట్రోలే పోయమని నోటిమాటగా చెప్పాను. మే నెలలో కారు టోయింగ్ బండి మీద వచ్చింది. పికప్ పోయింది, ఆయిల్ తాగుతోంది, నీలం పొగ. కంప్రెషన్ (సిలిండర్ గాలిని నొక్కే పీడనం) చూస్తే మూడు సిలిండర్లు బాగున్నాయి, ఒకటి సగం కూడా లేదు. విప్పితే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగి ఉంది. అతను అప్పట్లో అందరం పోసుకునే 91 ఆక్టేన్ మామూలు పెట్రోలే పోయించుకున్నాడు. అతన్ని తప్పు పట్టలేను. ఊరెళ్ళే దారిలో ఉన్న బంకులో అదే ఉంది మరి.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న 24 డిగ్రీలు ఇవే. డిసెంబరులో సరిపోయిన స్పార్క్ టైమింగ్ మేలో సరిపోలేదు. నాక్ సెన్సర్ తన పని తాను చేసింది. ప్రతిసారీ స్పార్క్ వెనక్కి లాగింది, అంటే ఆలస్యంగా పడేలా చేసింది, మళ్ళీ ముందుకు తెచ్చింది, మళ్ళీ లాగింది. నెలల తరబడి అదే. కాపలా కుక్క రాత్రంతా మొరుగుతుంటే మనం తలుపు తీసి చూడాలి కదా. నేను లాగ్, అంటే ఇంజన్ నడుస్తుండగా నమోదైన కొలతలు, తీయలేదు. ఇంజన్ నా ఖర్చుతో కట్టి ఇచ్చాను. ఆ విరిగిన పిస్టన్ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. కారు వచ్చిన రోజు ల్యాప్‌టాప్ తెరవను. ముందు కంప్రెషన్ చూస్తాను, ప్లగ్గులు విప్పి వాటి రంగు చూస్తాను, పైపుల్లో పొగ పంపి ఎక్కడ గాలి కారుతోందో చూస్తాను. గొట్టం క్లిప్పు వదులైతే టర్బో ఆ లోటు పూడ్చడానికి అనవసరంగా గిరగిరా తిరుగుతూ వేడెక్కుతుంటుంది. అది సరిచేస్తేనే కొన్ని కార్లు "రీమ్యాప్ అయిపోయిందా సార్" అన్నంతగా మారిపోతాయి. తర్వాత కంపెనీ సెట్టింగుతోనే డైనో మీద వెంటవెంటనే మూడు పరుగులు. మొదటి పరుగు ఎంత అన్నది నాకు ముఖ్యం కాదు. మూడో పరుగులో ఎంత తగ్గింది, లోపలి గాలి ఎంత వేడెక్కింది, స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి పోయింది అన్నవి చూస్తాను. మూడోసారికే కారు నీరసపడితే దానికి ముందు కావలసింది పెద్ద ఇంటర్ కూలర్, ఎక్కువ బూస్ట్ కాదు. ఇందాకటి లెక్కే మళ్ళీ చూడండి. 138 డిగ్రీల గాలిని 69కి దించితే అదే పీడనంలో 20 శాతం ఎక్కువ గాలి పడుతుంది. పైగా నాకింగ్ దూరం జరుగుతుంది. బూస్ట్ ముట్టుకోకుండా దొరికే లాభం అది.

ఆ తర్వాతే పెట్రోలు, స్పార్క్. పూర్తిగా కాలడానికి ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళు గాలి కావాలని మీరు చదువుకున్నారు. పూర్తి లోడ్ మీద టర్బో ఇంజన్‌కి 12 దగ్గర ఇస్తాం. మిగులు పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు వేడి లాక్కుంటుంది. స్పార్క్ బాగా వెనక్కి జరిపితే నాకింగ్ ఆగుతుంది కానీ మంట ఆలస్యంగా కాలి ఆ వేడంతా ఎగ్జాస్ట్‌లోకి, టర్బో మీదికి పోతుంది. పెట్రోల్ టర్బోలు 950 నుంచి 1050 డిగ్రీల మధ్య తమ హద్దుకి చేరతాయి. పిస్టన్‌ని కాపాడబోయి టర్బోని కాల్చకూడదు. బూస్ట్ చివరన. అదీ 0.05 బార్ చొప్పున, ప్రతి మెట్టుకీ లాగ్ చూస్తూ. ఒక మెట్టు ఎక్కాక పవర్ పెరగకుండా గాలి వేడి మాత్రమే పెరిగిందంటే ఆ టర్బో తన సత్తువ దాటింది. అక్కడి నుంచి అది కొలిమి తిత్తి ఊదినట్టు వేడినే ఊదుతుంది. ఒక మెట్టు దిగి ఆగిపోతాను.

ప్లగ్గుల గురించి చిన్న మాట. పీడనం పెరిగితే స్పార్క్ దూకడం కష్టం. ప్లగ్ గ్యాప్ 0.8 మిల్లీమీటర్ల నుంచి 0.7కో 0.65కో తగ్గించకపోతే పై ఆర్‌పీఎంలో ఇంజన్ తడబడుతుంది. చాలామంది దాన్ని ఫైలు తప్పు అనుకుంటారు.

కింది ఆర్‌పీఎం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మన డ్రైవింగ్ ఎలా ఉంటుంది? నాలుగో గేరులో స్పీడ్ బ్రేకర్ దాటి, గేరు తగ్గించకుండా, 1400 ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కుతాం. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) టర్బోల్లో ఆ స్థితిలో స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. ఆయిల్ తుంపర, మసి తునక ఏదైనా నిప్పురవ్వలా పనిచేస్తుంది. ఇది మామూలు నాకింగ్ కాదు, ఒక్క దెబ్బకే పిస్టన్ పోవచ్చు. స్పార్క్ వెనక్కి జరిపి దీన్ని ఆపలేం, ఎందుకంటే స్పార్క్ ఇంకా పడనే లేదు. దీన్ని దృష్టిలో పెట్టుకునే 2018లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్పీ అనే ఇంజన్ ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. డబ్బా మీద ఎస్పీ గానీ, అంతకన్నా కొత్త ప్రమాణం గానీ ఉందో లేదో చూసి కొనండి. నేను 2000 ఆర్‌పీఎం కింద టార్క్ పెంచను. "కింద ఇంకా గుద్దినట్టు లాగాలి సార్" అని బతిమాలినా పెంచను.

పెట్రోలు విషయానికి వస్తే, మన దగ్గర మొన్నమొన్నటి దాకా మామూలుది 91, ప్రీమియం 95, 2020 చివర్లో ఇండియన్ ఆయిల్ తెచ్చిన ఎక్స్‌పీ 100. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. ట్యూనింగ్ చేసేవాడికి ఇథనాల్ శత్రువు కాదు. అది ఆవిరయ్యేటప్పుడు బాగా చల్లబరుస్తుంది, నాకింగ్‌ని తట్టుకుంటుంది. కాకపోతే లీటరులో శక్తి తక్కువ కాబట్టి ఎక్కువ చిమ్మాలి. పంపు, ఇంజెక్టర్లు అప్పటికే చివరికొచ్చి ఉంటే అక్కడ ఇరుక్కుంటాం. అందుకే ఇప్పుడు రైలు ప్రెషర్ (ఇంజెక్టర్లకి పెట్రోలు అందే పీడనం) లాగ్ చూడకుండా ఏ కారూ నా దగ్గర నుంచి బయటికి వెళ్ళదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాన్ని తగ్గించే భాగం) పీకేసి గొట్టం బిగించమని చాలామంది అడుగుతారు. నేను చేయను. పది పీఎస్ కోసం వెనకాల బైకు మీద పిల్లవాడిని కూర్చోబెట్టుకుని వచ్చే మనిషి ముఖాన విషం వదలలేను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, వాహనాల మార్పుల మీద 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ ఉంది, చదవండి. వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి కస్టమర్‌కి ముందే చెప్పి సంతకం తీసుకుంటాను. బ్రేకులు, టైర్లు చూడకుండా పవర్ పెంచను. 100 నుంచి 120కి వేగం పెరిగితే ఆపాల్సిన శక్తి 44 శాతం పెరుగుతుంది. ట్రయల్ అంటూ ఓఆర్ఆర్ మీదికి తీసుకెళ్ళే షాపు అయితే, వాళ్ళ దగ్గర డైనో లేదని అర్థం. అక్కడ చేయించుకోకండి.

ప్రశ్నలు అడగండి.

"సార్, వైరు మధ్యలో తగిలించే పెట్టెలు దొరుకుతున్నాయి కదా, అవి మంచివేనా?"

అవి ఎక్కువ భాగం ప్రెషర్ సెన్సర్ చెప్పే మాటని మార్చి ఈసీయూకి చేరవేస్తాయి. లోపల బూస్ట్ 1 బార్ ఉంటే 0.8 అని చెప్తాయి. ఈసీయూ పాపం ఇంకా తక్కువుందనుకుని పెంచుతుంది. డాక్టరుకి జ్వరం తక్కువని చెప్పి మందు రాయించుకోవడం లాంటిది. అది పెట్టుకున్న రక్షణలన్నీ అబద్ధపు అంకె మీదే నడుస్తాయి. నేను వద్దంటాను.

"డీజిల్‌కి కూడా ఇంతేనా సార్?"

డీజిల్‌లో నాకింగ్ భయం ఇలా ఉండదు, గాలి ఎప్పుడూ మిగులే. అందుకే సులువు అనుకుంటారు. అక్కడ డీజిల్ ఎక్కువ పోస్తే నల్ల పొగ, ఎగ్జాస్ట్ వేడి. టార్క్ ఒక్కసారిగా పెరిగి క్లచ్, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్ కుదుపుల్ని మింగే బరువైన చక్రం) ముందు పోతాయి. పొగ కనబడకుండా ఎంత వస్తే అంతే నా హద్దు.

"నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి సార్? మా దగ్గర డైనో లేదు."

డైనో తర్వాత. ఓబీడీ పోర్టుకి (కారులో ఈసీయూ కొలతలు చదివే సాకెట్‌కి) తగిలించే చిన్న బ్లూటూత్ అడాప్టర్ తక్కువ ధరలో దొరుకుతుంది, నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. ఇంట్లోనో, తెలిసినవాళ్ళదో టర్బో కారు ఉంటే పెట్టండి. డ్రైవింగ్ ఒకరు, ఫోన్ చూసేది ఇంకొకరు. మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లోపలి గాలి వేడి ఎన్ని డిగ్రీలు పెరిగిందో, కదిలాక ఎన్ని నిమిషాలకి దిగిందో, ఆ లోపు స్పార్క్ టైమింగ్ ఎంత మారిందో రాయండి. పొద్దున ఆరింటికి అదే దారిలో మళ్ళీ వెళ్ళి రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో రెండు పేజీలు రాసి మీ అధ్యాపకుల ద్వారా నాకు పంపండి. అన్నీ నేనే చదువుతాను. బాగా రాసినవాళ్ళని ఈ వేసవిలో షెడ్డుకి పిలుస్తాను, ఆ విరిగిన పిస్టన్ కూడా చూపిస్తాను.